రంగు కూడా ఒక పార్టే

పాత ఫిషింగ్ రీలుకి మళ్లీ రంగు వేయాలా వద్దా అన్నది మన క్యాంపస్‌లో ఎవరి నిద్రా పాడుచేసే ప్రశ్న కాదు, తెలుసు. మనకి గాలం అంటే వెదురు కర్ర, నైలాన్ దారం, కొక్కెం, ఎర. మన తీరంలో చేతిగాలం వేసేవాళ్లు దారాన్ని ఏ చెక్కముక్కకో ప్లాస్టిక్ డబ్బాకో చుట్టుకుంటారు. దానికి గేర్లూ బేరింగులూ ఉన్న యంత్రం కావాలని వాళ్లకి తోచదు. అమెరికాలో, యూరప్‌లో మాత్రం ఆ దారం చుట్టే యంత్రం ఒక పరిశ్రమ, ఒక సరదా, కొందరికి ఒక పిచ్చి. 50, 60 ఏళ్ల నాటి రీళ్లని వెతికి కొని, విప్పి, కడిగి, గట్టి స్ప్రే రంగులు కొట్టి మళ్లీ నీళ్ల దగ్గరికి తీసుకెళ్లేవాళ్లు అక్కడ చాలామందే ఉన్నారు. ఆ పని మీద నాకో గట్టి అభిప్రాయం ఉంది. తాతగారి టేబుల్ ఫ్యాన్‌నో, షెడ్డులో మూలపడిన స్కూటర్‌నో బాగుచేసుకోవాలని ఉన్నవాళ్లకి కూడా ఇది పనికొస్తుందని రాస్తున్నాను.

అభిప్రాయం ఇదీ. లోహంతో చేసి, నీళ్లలో వాడే వస్తువుకి రంగు కూడా ఒక పార్టే. గేరు అరిగితే మారుస్తాం, స్ప్రింగు విరిగితే మారుస్తాం, రంగు పోతే అదీ మార్చాలి. అలాగే, గేరుని ఎంత కొలిచి బిగిస్తామో రంగునీ అంతే కొలిచి వేయాలి. ఈ రెండో సగం ఒప్పుకోనివాళ్లే ఎక్కువ.

మొదటి సగం ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. వాళ్లు సేకరణదారులు. రీలు ఫ్యాక్టరీ నుంచి ఏ రంగుతో వచ్చిందో ఆ రంగుతోనే ఉండాలి, గీతలు పడినా చెక్కలు లేచినా అది దాని వయసు, ముట్టుకోకూడదు అంటారు. ఒరిజినల్ రంగు ఒక్కసారే ఉంటుంది అన్నది వాళ్ల వాదన. అందులో నిజం లేకపోలేదు, దాని దగ్గరికి తర్వాత వస్తాను. కానీ ఆ మాట గాజు బీరువాలో పెట్టే రీలుకి సరిపోతుంది. ఉప్పునీటిలో రోజూ తడిసే రీలుకి సరిపోదు.

మన ఇళ్లలోనే దీనికి మంచి పోలిక ఉంది. కళాయి. ఇత్తడి గిన్నెల్లో వంట చేసిన కాలంలో లోపల తగరం పూత అరిగిపోగానే కళాయి వేసేవాడి కోసం ఎదురుచూసేవాళ్లు. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే ఆ పులుపుకి చిలుము దిగి తిండి చెడిపోతుంది. అందుకని పూత గిన్నెలో భాగమే. మళ్లీ కళాయి వేయిస్తే అమ్మమ్మ గిన్నె ఒరిజినల్ కాకుండా పోయిందని ఎవరూ అనలేదు. ఇంకో సంగతి చూడండి. కళాయి వేసేవాడి పనిలో ఎక్కువ భాగం పూత వేయడం కాదు, తోమడం. ఇసక వేసి గిన్నెలోకి దిగి కాళ్లతో తిప్పి తిప్పి తోమేవాడు. తర్వాత వేడి చేసి నవాసాగరం చల్లేవాడు. అది అమ్మోనియం క్లోరైడ్. వేడికి విడిపోయి లోహం మీది ఆక్సైడ్ పొరని తీసేస్తుంది. అప్పుడు తగరం ముక్క తాకించి దూదితో ఒక్క తుడుపు తుడిస్తే వెండిలా పరుచుకునేది. ఆఖరి తుడుపు మాత్రమే చూసినవాళ్లకి అది గారడీలా అనిపిస్తుంది. రీలు రంగు విషయంలోనూ జనం ఆ ఆఖరి తుడుపే చూస్తారు.

సరే, రీలు సంగతి. పాత రీళ్లలో పేరున్నవి మూడు చోట్ల నుంచి వచ్చాయి అనుకోవచ్చు. అమెరికాలో ఫిలడెల్ఫియా నుంచి పెన్, దాన్ని 1932లో ఆటో హెంజే మొదలుపెట్టాడు. ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల దగ్గర క్లూజ్ అనే ఊరి నుంచి మిచెల్. దాని 300 మోడల్ 1948లో వచ్చింది, కోడిగుడ్డుని పక్కకి పడుకోబెట్టినట్టుండే నల్లటి ఒళ్లు. స్వీడన్‌లో స్వాంగ్‌స్టా నుంచి ఆబు. అది 1921లో గడియారాల కంపెనీగా పుట్టి, టాక్సీ మీటర్లు చేసి, తర్వాత రీళ్లలోకి దిగింది. వాళ్ల పేరున్న రీలు పేరు ఆంబాసడర్, మన పాత తెల్ల కారు పేరే. క్లూజ్ కూడా గడియారాల పనికి పేరుపడ్డ చోటే. గడియారాలు చేసే చేతులే ఈ రీళ్లు చేశాయి కాబట్టి లోపలి పని ఇప్పటికీ నిలిచి ఉంది. గ్రీజు మార్చి తిప్పితే తిరుగుతాయి. ముందు పోయేది బయటి పూతే.

ఈ తరహా రీళ్లలో చాలావాటి ఒళ్లు అల్యూమినియం డై కాస్టింగ్. ఇనుముకి పట్టేదాన్ని తుప్పు అంటాం, ఇత్తడికి పట్టేదాన్ని చిలుము అంటాం, అల్యూమినియానికి పట్టే తెల్ల పొడికి మన భాషలో మాట ఉన్నట్టు లేదు. పేరు లేదు కాబట్టి జబ్బే లేదనుకుంటాం. మొదటి ఏడాది కెమిస్ట్రీలో చదివాం కదా, అల్యూమినియం గాలి తగలగానే తన మీద తానే ఆక్సైడ్ పొర అల్లుకుంటుంది, కొన్ని నానోమీటర్ల మందం, అదే దానికి కవచం. పిల్లింగ్ బెడ్‌వర్త్ నిష్పత్తి అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. అక్కడ ఆగిపోయి, అల్యూమినియానికి ఏమీ కాదు అని మనసులో ముద్ర వేసుకున్నాం. మంచినీళ్లలో దాదాపు నిజమే. ఉప్పునీళ్లలో క్లోరైడ్ అయాన్లు ఆ పొరని అక్కడక్కడా పొడిచి చిల్లులు చేస్తాయి. ఆ చిల్లుల్లో జరిగేది పైకి కనిపించదు. పైన రంగు ఉంటే అసలే కనిపించదు. రంగు కింద తెల్ల పొడి పెరుగుతుంది, దానికి చోటు ఎక్కువ కావాలి, అందుకని రంగు బొబ్బలా లేస్తుంది. ఒక్కోసారి పురుగు పాకినట్టు సన్నని దారుల్లా పాకుతుంది కూడా.

దీనికి తోడు రీలులో అల్యూమినియం ఒక్కటే లేదు. స్టెయిన్‌లెస్ స్క్రూలు, రాగి మిశ్రమపు గేర్లు, ఇత్తడి బుష్‌లు ఉన్నాయి. ఉప్పునీరు వీటి మధ్యలో చేరిందంటే అచ్చం బ్యాటరీ. అందులో కరిగిపోయే వంతు ఎప్పుడూ అల్యూమినియానిదే. ఇక్కడ ఒక తిరకాసు ఉంది, నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చిన ముక్క ఇదే. అల్యూమినియం అంతటికీ రంగు వేసి ఎక్కడో చిన్న గీత వదిలేశామనుకోండి. ఇత్తడి, స్టీలు ఎంత ఉన్నా వాటి దెబ్బంతా ఆ చిన్న గీత మీదే పడుతుంది. ఆనోడ్ చిన్నది, కేథోడ్ పెద్దది, పరీక్షలో రాశాం. పూత అసలే లేకపోతే ఆ దెబ్బ ఒళ్లంతా పలచగా పంచుకునేది. అంటే సగం సగం వేసిన రంగు, కొన్నిసార్లు రంగు లేకపోవడం కన్నా చెడ్డది. అందుకే కరిగే లోహానికి ఒక్కదానికే పూత వేసి చేతులు దులుపుకోకూడదు. ఎదుటి లోహాన్నీ నీటికి అందకుండా దాచాలి. రీలులో ఇత్తడి గేరుకి రంగు వేయలేం కాబట్టి గ్రీజు పెడతాం. స్క్రూ మరల్లోనూ గ్రీజు పెట్టి బిగిస్తాం. మరల్లో గ్రీజు పెట్టని రీలుకి పైన ఎంత ఖరీదైన రంగు కొట్టినా నాకు గౌరవం లేదు.

మా మావయ్య హ్యూస్టన్‌లో ఉంటాడు. సెలవు రోజుల్లో గాల్వెస్టన్ తీరానికి వెళ్లి గాలం వేయడం ఆయనకి అలవాటు. ఒక గరాజ్ సేల్‌లో 1970ల నాటి పెన్ స్పిన్‌ఫిషర్ ఒకటి కొన్నాడు. లోపలంతా బాగానే ఉంది. పైన మాత్రం ఎవరో పాత రంగు మీదే నల్ల స్ప్రే దట్టంగా కొట్టారు, మూల పట్టుకుని లాగితే అరటి తొక్కలా ఊడి వచ్చింది. దాని కింద ముగ్గుపిండి. మెకానికల్ చదువుతున్నావు కదా చెప్పరా అని వీడియో కాల్ చేశాడు. అలా మూడు శనాదివారాలు నేనిక్కడ హాస్టల్లో, ఆయనక్కడ గరాజ్‌లో. ఆ మూడు వారాల్లో డబ్బా నొక్కి రంగు కొట్టిన సమయం మొత్తం కలిపితే పావుగంట ఉండదు.

మిగతా సమయమంతా దేనికి పట్టిందో చెప్తాను. ముందు పాత రంగు తీయడం. డ్రైనేజీ శుభ్రం చేసే పొడిలో నానబెడితే రంగు ఊడిపోతుందని ఆయన స్నేహితుడెవరో సలహా ఇచ్చాడు. ఇనుము అయితే సరే. ఆ పొడిలో ఉండేది కాస్టిక్ సోడా, అది అల్యూమినియాన్ని కరిగించి హైడ్రోజన్ వదులుతుంది. రంగుతో పాటు రీలు కూడా పోయేది. అల్యూమినియానికి పనికొస్తుందని డబ్బా మీద స్పష్టంగా రాసిన స్ట్రిప్పరే వాడాలి. రెండో సంగతి, అమెరికాలో ఇళ్లలో వాడే రంగుల్లో సీసం నిషేధించింది 1978లో. అంతకు ముందు పూసిన రంగులో ఏముందో చూస్తే తెలియదు. ఎమెరీ పేపరుతో పొడిగా రుద్దితే ఆ పొడి ముక్కులోకే పోతుంది. నీళ్లు పోసుకుంటూ తడి ఎమెరీతో రుద్దమని పట్టుబట్టాను. మావయ్య విసుక్కున్నాడు గానీ విన్నాడు.

తర్వాత నూనె తీయడం. రీలు అంటేనే గ్రీజు, సిలికాన్ స్ప్రే, 50 ఏళ్ల చేతి జిడ్డు. సిలికాన్ చుక్క మిగిలిందంటే రంగు అక్కడ నిలవదు, గుండ్రంగా తప్పుకుని మధ్యలో చిన్న గుంట వదులుతుంది. రంగులేసే వాళ్లు దీన్ని ఫిష్ ఐ అంటారు. చేపల రీలు మీద చేపకళ్లు! డిష్ సబ్బు, వేడినీళ్లు, ఆ తర్వాత కొత్త గుడ్డతో సాల్వెంట్, తుడిచిన ప్రతిసారీ గుడ్డ మడత మార్చడం. ఒకే గుడ్డతో పదిసార్లు తుడిస్తే జిడ్డుని ఊరేగించినట్టే.

ఇక ప్రైమర్. నున్నటి అల్యూమినియానికి మామూలు ఎనామిల్ పట్టదు. అందుకని ఫాస్ఫారిక్ యాసిడ్ కలిసిన ఎచ్ ప్రైమర్ పలచగా వేస్తారు. అది లోహాన్ని కొద్దిగా కొరికి పట్టు తెచ్చుకుంటుంది. మనవాడి నవాసాగరం చేసే పనిలాంటిదే ఇదీ. రుద్దిన రోజే ప్రైమర్ పడాలి, రేపు చూద్దాంలే అంటే కుదరదు, ఆలోగా ఆక్సైడ్ మళ్లీ పెరుగుతుంది. వాతావరణం కూడా చూసుకోవాలి. లోహం ఉష్ణోగ్రత, గాలిలో తేమ మంచుగా మారే ఉష్ణోగ్రత కన్నా కనీసం 3 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉండాలి అన్నది రంగుల పరిశ్రమలో పాత నియమం. హ్యూస్టన్‌లోనూ మన విశాఖ, కాకినాడల్లోనూ ఉక్కపోత ఒకటే. తేమ రోజున లాకర్ కొడితే, సాల్వెంట్ ఆవిరవుతూ లోహాన్ని చల్లబరుస్తుంది, గాలిలో నీరు దాని మీద చేరుతుంది, నల్లరంగు మీద పాలు ఒలికినట్టు తెల్లమచ్చ వస్తుంది. మీ ఊళ్లో ఎవరైనా వర్షాకాలంలో బైకు ట్యాంకుకి రంగు వేయించి మాసినట్టుందని గొడవ పడుంటే, కారణం ఇదే అయ్యుండొచ్చు.

ఇప్పుడు అసలు గొడవ, ఏ రంగు? మన్నికైన స్ప్రే అనగానే ఔత్సాహికుల్లో నాలుగు పేర్లు వినిపిస్తాయి. మామూలు ఎనామిల్, పౌడర్ కోటింగ్, తుపాకుల మీద వేసే సెరాకోట్ లాంటి సిరామిక్ పూత, టూకే యూరిథేన్.

పౌడర్ కోటింగ్ రీలుకి వద్దు. గేటుకీ, సైకిల్ ఫ్రేముకీ అద్భుతంగా ఉంటుంది. కానీ పొడిని కరిగించడానికి 180 నుంచి 200 డిగ్రీల వేడి కావాలి. డై కాస్టింగ్ లోపల చిక్కుకున్న గాలి ఆ వేడికి బయటికి వచ్చి పూతలో సూదిబెజ్జాలు చేస్తుంది. మందం మామూలుగా 60 మైక్రాన్లకి పైనే. రోటరుకీ ఒంటికీ మధ్య సందు ఎంత ఉంటుందో రీలు విప్పినవాడికి తెలుసు. రెండు వైపులా ఆ మందం చేరితే తిరగాల్సింది రాసుకుంటుంది. రంగు పార్టు అన్నానే, పార్టుకి కొలత ఉంటుంది. బేరింగు కూర్చునే చోటు, షాఫ్ట్ దూరే బెజ్జం, మూత ఒంటికి ఆనే అంచు, మరలు, ఇవన్నీ టేపుతో మూసి కొట్టాలి. మూయకుండా కొట్టి తర్వాత బేరింగుని సుత్తితో దించేవాళ్లున్నారు, వాళ్ల గురించి ఏమీ అనను.

సిరామిక్ పూతది వేరే దారి. పలచగా, 25 మైక్రాన్ల దగ్గర ఉంటుంది, గట్టిగా ఉంటుంది. రీలుకి కొలతపరంగా అదే అందరికన్నా సరిపోతుంది. కానీ అల్యూమినియం ఆక్సైడ్ ఇసకతో బ్లాస్ట్ చేయాలి, ఓవెన్‌లో పెట్టే రకమైతే 120 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచాలి. ఆ ఓవెన్‌లో మళ్లీ బిస్కెట్లు చేసుకోకూడదు. కంప్రెసరు, బ్లాస్టింగ్ పెట్టె, గన్ను ఉన్నవాళ్ల పని అది. లేనివాళ్లు ఉన్నవాళ్లకి డబ్బిచ్చి చేయించుకోవడమే మేలు.

టూకే దగ్గర మాత్రం కాస్త ఆగాలి. టూకే అంటే రెండు భాగాల రంగు. ఒకటి రెజిన్, రెండోది హార్డెనర్. మామూలు లాకర్‌లో సాల్వెంట్ ఎగిరిపోతుంది, మిగిలింది పొరవుతుంది. మళ్లీ సాల్వెంట్ తగిలితే మళ్లీ కరుగుతుంది. దోమల మందులో వాడే డీట్ అంటిన వేలితో పట్టుకున్నా మెత్తబడొచ్చు. టూకేలో రెండు భాగాలూ కలిసి అణువులు ఒకదానికొకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. గట్టిపడ్డాక పెట్రోలుకీ ఎండకీ తేలిగ్గా లొంగదు. కార్లకి వేసేది ఇదే. ఇప్పుడు స్ప్రే డబ్బాలోనే వస్తోంది. అడుగున మీట నొక్కితే లోపల హార్డెనర్ గొట్టం పగిలి కలుస్తుంది, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో వాడేయాలి. రీలు బాగుచేసేవాళ్లు దీన్ని తెగ మెచ్చుకుంటారు. మెచ్చుకోవాల్సిందే, పొర అంత బాగుంటుంది.

ఆ హార్డెనర్ ఐసోసయనేట్. ఆ మాట వినగానే మన దేశంలో ఎవరికైనా 1984 భోపాల్ గుర్తొస్తుంది. అక్కడ లీకయింది మిథైల్ ఐసోసయనేట్. రంగు హార్డెనర్‌లో ఉండేది అది కాదు, అంత తేలిగ్గా ఆవిరయ్యేదీ కాదు. రెండూ ఒకటే అని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ స్ప్రే చేస్తున్నామంటే ఆవిరి కాని దాన్ని కూడా మనమే మంచులా చేసి గాలిలో కలుపుతున్నాం. ఐసోసయనేట్ గుణం ఏమిటంటే దొరికిన దాంతో చర్య జరుపుతుంది. రెజిన్‌తో జరిపితే గట్టి రంగు. ఊపిరితిత్తుల్లో ప్రొటీన్లతో జరిపితే శరీరం దాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. ఒకసారి అలా గుర్తుపెట్టుకున్నాక, తర్వాత ఏ కాస్త తగిలినా ఉబ్బసం లేస్తుంది. పని వల్ల వచ్చే ఉబ్బసానికి ప్రపంచమంతటా ముఖ్య కారణాల్లో ఇదొకటి. దీనికి వాసన హెచ్చరిక కూడా సరిగ్గా ఉండదు. ముక్కుకి తెలిసేసరికే పరిమితి దాటి ఉంటుంది. అందుకే వృత్తిగా చేసేవాళ్లకి బయటి నుంచి గొట్టంతో మంచి గాలి అందించే మాస్కులు, గాలి లాగే గదులు పెట్టమంటారు.

ఇంత చదివాక ఏ ఊరి ఆటోనగర్‌కైనా ఒకసారి వెళ్లండి. ముక్కుకి జేబురుమాలు కట్టుకుని కారు డోరుకి టూకే కొడుతున్న కుర్రాడు, మన వయసువాడు, కనిపిస్తాడు. దుమ్ము ఆపడానికే చాలని జేబురుమాలు ఐసోసయనేట్‌ని ఏం ఆపుతుంది? అతనికి ఎవరూ చెప్పలేదు. మనకి చెప్పారు, సిలబస్‌లో పాలీయూరిథేన్ ఉంది, కానీ ఊపిరితిత్తుల సంగతి ప్రశ్నపత్రంలో రాదు కాబట్టి మనమూ పట్టించుకోం. ప్రాజెక్టు ఎక్స్‌పో ముందు రోజు రాత్రి హాస్టల్ కారిడార్‌లో, కిటికీలు మూసి, బాట్ ఛాసిస్‌కి ఆ డబ్బా కొట్టేసే బ్యాచ్‌లు ఉంటాయి. రీలు నెపంతో నేను అసలు చెప్పదలుచుకున్నది వాళ్లకే. పక్క గదిలో నిద్రపోతున్నవాడికి ఉబ్బసం ఉందేమో ఎవరు అడిగారు?

కాబట్టి, ఔత్సాహికులకి నచ్చని మాటే అయినా, నా లెక్క ఇది. ఇంట్లో, గరాజ్‌లో, హాస్టల్లో చేసేవాడికి టూకే వద్దు. మామూలు డబ్బాల్లో దొరికే ఇంజన్ ఎనామిల్ చాలు. టూకే అంత గట్టిది కాదు, ఒప్పుకుంటాను. కానీ జనం టూకే వైపు పరిగెత్తేది ఎక్కువగా, వాళ్లు వేసిన ఎనామిల్ ఊడిపోయింది కాబట్టి. అది ఊడింది ఎనామిల్ బలహీనమై కాదు, కింద జిడ్డు ఉండటం వల్ల. ఆ జిడ్డు మీద టూకే కొట్టినా ఊడుతుంది, కాకపోతే పెద్ద పెద్ద పెచ్చులుగా. కింద పని సరిగ్గా చేసినవాడికి ఎనామిల్ చాలాకాలం ఆగుతుంది. చేయనివాడి దగ్గర ఏదీ ఆగదు. అంతగా టూకే కావాలంటే గాలి గది ఉన్న షాపు వాడికి ఒళ్లు శుభ్రం చేసి, టేపు వేసి ఇవ్వండి, కొట్టి ఇస్తాడు.

ఓపిక విషయంలో కూడా అంతే. తాకితే అంటకపోవడం వేరు, గట్టిపడటం వేరు. వేలికి అంటడం లేదు కదా అని సాయంత్రమే బిగించేస్తే స్క్రూ తల కింద రంగు నలిగి మడతపడుతుంది. సరిగ్గా అక్కడే స్టీలూ అల్యూమినియమూ కలుస్తాయి, సరిగ్గా అక్కడే పూత ఉండాలి. డబ్బా మీద వారం అంటే వారమే. మావయ్య ఒక పాత ముక్క మీద ఇదే రంగు కొట్టి పక్కన పెట్టుకున్నాడు. వారం తర్వాత దాని మీద బ్లేడుతో గళ్లు గీసి టేపు అంటించి లాగాడు. ల్యాబ్‌లో ఏఎస్‌టీఎం డి3359 అని మనం చేసేదానికి ఇంటి వెర్షన్. గళ్లు కదల్లేదు. అప్పుడే రీలు బిగించాడు. అసలు ఉప్పు పరీక్షకి బి117 అని ఇంకో ప్రమాణం ఉంది, 35 డిగ్రీల దగ్గర 5 శాతం ఉప్పునీటి పొగమంచులో గంటల తరబడి ఉంచుతారు. ఆ పెట్టె మన దగ్గర లేదు. గాల్వెస్టన్ తీరం ఉంది కదా అన్నాడు మావయ్య.

ఇప్పుడు సేకరణదారుల దగ్గరికి వస్తాను, వాళ్లకి బాకీ ఉన్నాను. ముట్టుకోకూడని రీళ్లు ఉన్నాయి. పాత రంగు నూటికి ఎనభై వంతులు గట్టిగా ఉండి, గీతలు మాత్రమే పడితే దాన్ని గీకి కొత్తది వేయడం పని తెలియనివాళ్ల పని. గీతల్లో మైనం పట్టించి ఊరుకుంటే చాలు. ఎనోడైజ్ చేసిన భాగాల్నీ ముట్టుకోవద్దు. స్పూళ్లు చాలావరకు అలాంటివే. అక్కడ రంగు లోహం మీద లేదు, ఆక్సైడ్ పొర రంధ్రాల్లోకి ఇంకి ఉంది. దాని మీద కొట్టిన ఏ స్ప్రే అయినా దానికన్నా మెత్తనిదే. స్పూలు పెదవి మీదుగా దారం ఎప్పుడూ జారుతూ ఉంటుంది, కొత్త రంగుని కోసేస్తుంది కూడా. అన్నిటికన్నా ముఖ్యం, రీలు పాదం కింద కొట్టిన అంకెలు. ఆబు రీళ్లలో ఏ ఏడు ఏ నెల చేసిందో ఆ అంకెల్లో తెలుస్తుంది. వాటి మీద ప్రైమరు, మూడు కోట్లు నింపేస్తే రీలు జాతకం చెరిపేసినట్టే. రుద్దితే ఇంకా పాపం. అక్కడ టేపు వేయండి.

ఇంకొకటి, అమ్మేటప్పుడు. మంచి రంగు వేయగలిగినవాడికి ఒక ఆశ పుడుతుంది, ఫ్యాక్టరీ రంగే అని చెప్పేస్తే రేటు పెరుగుతుంది కదా అని. సేకరణదారులు రీపెయింట్ మాట వింటేనే మొహం చిట్లించడానికి అసలు కారణం ఇలా మోసపోయిన అనుభవాలే అని నా అనుమానం. మళ్లీ రంగు వేసిన రీలు సిగ్గుపడాల్సింది కాదు, దాని మీద ఆ మాట రాయకపోవడం సిగ్గుపడాల్సింది. మూత లోపలి వైపు, ఎవరికీ కనిపించని చోట, ఎప్పుడు వేశారో ఏ రంగు వేశారో చిన్నగా గీసి ఉంచితే, తర్వాత విప్పినవాడికి ఉపయోగం. ఏ స్ట్రిప్పర్ వాడాలో అతనికి తెలుస్తుంది.

మావయ్య రీలు ఇప్పుడు బూడిద రంగులో ఉంది. నల్లది ఎండకి కాలిపోతుందని అత్తయ్య పడనివ్వలేదు. తీరం నుంచి రాగానే దాన్ని మంచినీళ్లతో మెల్లగా కడిగి, తుడిచి, నీడలో పెడుతున్నాడు. పైపుతో జోరుగా కొడితే ఉప్పు లోపలికే పోతుందని ఆ సంగతి ఆయనే నాకు చెప్పాడు. రెండు సీజన్లయింది. బెయిల్ చేయి మడత దగ్గర, లోహం లోహానికి తగిలేచోట, చిటికెన గోరంత మేర రంగు లేచింది. అక్కడ ఎమెరీతో అంచులు పలచబరిచి, ఆ కాస్త చోటే ఎచ్ ప్రైమర్ పెట్టి, కుంచెతో ఒక చుక్క అద్దాలి. ఈ సంక్రాంతికి కాల్ చేసినప్పుడు ఆ పనే మిగిలి ఉందన్నాడు. డబ్బాలో రంగు గడ్డకట్టిందట, అదే షేడు దొరుకుతుందేమో చూస్తున్నాడు.